వంటింటి మసి ఎవరి చరిత్ర?

(తోటపల్లి గూడూరులో జరిగిన మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో నేను ఒక పాత ఇంటి మరమ్మత్తు గురించి మాట్లాడబోతున్నానని తెలిసి, నిన్న రాత్రి మీలో ఒకరు నవ్వుతూ అడిగారు: "గృహహింస గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడాల్సిన చోట గోడల రంగుల గురించి మాట్లాడతారేంటి?" న్యాయమైన ప్రశ్నే. ఏడాదిన్నర కింద నన్నడిగితే నేనూ అదే మాట అనేదాన్ని. నేను సమాజశాస్త్రం చదువుకున్న మనిషిని. కుటుంబం గురించీ, ఆస్తి గురించీ, ఇంటి చాకిరీ గురించీ ఇరవై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్నాను. కానీ ఆ కుటుంబం ఏ గోడల మధ్య బతికిందో, ఆ చాకిరీ ఏ కిటికీ కింద జరిగిందో ఎన్నడూ కొలిచి చూడలేదు. ఆ పాఠం నాకు ఒక ఇంటీరియర్ డిజైనర్, కొందరు సున్నం పనివాళ్ళు, ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు కలిసి నేర్పారు. అందులో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాచుకోకుండా చెబుతాను.

ఇల్లు మన చేతికి ఎట్లా వచ్చింది

ఇక్కడికి కొద్ది దూరంలో, కోడూరు సముద్రం వైపు పోయే దారిలో వుంది ఆ ఇల్లు. ఊరి పేరు, కుటుంబం పేరు చెప్పను. వాళ్ళకిచ్చిన మాట అది. వందేళ్ళ పైబడిన మద్రాసు మిద్దె. ముందు ఎత్తైన అరుగులు, లోపల వసారా, నడి ఇల్లు, వెనక వంటిల్లు, దొడ్డి. ఇంటివాళ్ళు నెల్లూరులోనూ, హైదరాబాదులోనూ, విదేశాల్లోనూ స్థిరపడ్డారు. చుట్టూ పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. పాములు తిరిగే ఇంటిని కూలగొట్టి ఇటుకలు అమ్ముకోవడం కంటే మహిళా సంఘానికి కొన్నేళ్ళ పాటు నామమాత్రపు లీజుకిస్తే మంచిదని అన్నదమ్ములు అనుకున్నారు. మనకేమో సలహా కేంద్రానికి, చిన్న గ్రంథాలయానికి, శిక్షణ తరగతులకు చోటు కావాలి. ఒప్పుకున్నాం.

లీజు పత్రం రాసేటప్పుడే మొదటి విషయం బయటపడింది. సంతకాలు అన్నీ మగవాళ్ళవే. ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచు ఒకావిడ ఇంకా వున్నారు. ఎనభై దాటిన మనిషి. ఆవిడకు ఇంట్లో భాగం లేదు. ఎందుకు లేదో మీకందరికీ తెలియాలి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి తెచ్చారు. దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందే చేశామని గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు ఆ చట్టం వర్తించలేదు. ఈవిడకు అప్పటికే మనవలున్నారు. 2005లో కేంద్ర చట్టం పెళ్ళి అయిందా లేదా అన్న తేడా తీసేసింది. తండ్రి అప్పటికి బతికి వుండాలన్న షరతు కూడా లేదని 2020లో సుప్రీం కోర్టు తేల్చింది. అయినా 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాలను చట్టం కదిలించదు. ఈ ఇంటి పంపకం అంతకు ముందే రిజిస్టరయింది. "పసుపు కుంకుమ కింద ఇంత డబ్బిచ్చారమ్మా" అన్నారావిడ. అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు.

మనం ఏ ఇంటిని మహిళా కేంద్రం చేయబోతున్నామో ఆ ఇంట్లో పుట్టిన స్త్రీకి అందులో అంగుళం హక్కు లేదు. ఈ సంగతి మనసులో పెట్టుకునే మిగతాది వినండి.

డిజైనర్ వచ్చింది

గోడలు పెచ్చులూడుతున్నాయి. ఎవరో ఎప్పుడో సిమెంటు పూసి మరింత పాడుచేశారు. ఇంజనీరుని అడిగితే పడగొట్టి కట్టుకోమన్నాడు. పాత ఇళ్ళ మీద పని చేసిన ఒక ఇంటీరియర్ డిజైనర్ తక్కువ ఫీజుకి చేస్తానంటే పిలిపించాం. ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, చురుకైనది. ఇంటీరియర్ డిజైనర్ అంటే పరదాలూ సోఫాలూ ఎంచేవాళ్ళనే చులకన భావం నాకు వుండేది. అది మొదటి రోజే పోయింది.

ఆ అమ్మాయి చెప్పిన విషయాలు మీ ఊళ్ళలో పాత బడో, పాత సత్రమో బాగు చేసుకునేటప్పుడు పనికొస్తాయి. ఈ తీరంలో పాత గోడలన్నీ సున్నంతో కట్టినవి. గుల్లను కాల్చి తీసిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి వాడేవాళ్ళు. సున్నపు గోడ గాలి పీలుస్తుంది. లోపలి తేమ బయటికి పోతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది, నేలలోంచి పైకెక్కే ఉప్పు గోడలో పేరుకుని పెచ్చులు ఊడగొడుతుంది. సముద్రపు గాలికి కాంక్రీటులోని ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటునే పగలగొడుతుంది. మిద్దె కప్పు సంగతీ అంతే. దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా పేర్చి పైన సున్నపు గచ్చు వేస్తారు. దూలం చెదలు పట్టకపోతే ఆ కప్పు తరాలు నిలుస్తుంది. ఆ అమ్మాయి ప్రతి దూలాన్నీ సుత్తితో తట్టి, చప్పుడు విని, సుద్దముక్కతో గుర్తులు పెట్టింది.

మూడు వారాల తర్వాత బొమ్మలు గీసుకొచ్చింది. చూడముచ్చటగా వున్నాయి. వసారాలో ఇత్తడి గొలుసుల ఉయ్యాల. నడి ఇంట్లో గోడకు ఇంటి పెద్దల ఫోటోలు. ఫోటోల్లో వున్నది మగవాళ్ళే, ఎందుకంటే దొరికిన ఫోటోలు వాళ్ళవే. మూలన బిందెలు, తిరగలి, రోలు అలంకారంగా పెట్టింది. వంటింటి మీద మాత్రం అడ్డంగా గీత కొట్టి వుంది. "ఇక్కడ ఏమీ లేదు మేడమ్, అంతా మసి, చీకటి. గోడ తీసేస్తే ఆఫీసు గది పెద్దదవుతుంది" అంది.

"ఏమీ లేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఇంట్లో ఆడవాళ్ళ ఆయుష్షులో ముప్పాతిక భాగం గడిచింది ఆ గదిలోనే. ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. చరిత్ర రాసేవాళ్ళు కూడా ఇన్నేళ్ళూ అదే అన్నారు.

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారి ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిగిందని మనం బడిలో చదువుకున్నాం. ఆ పెళ్ళికి వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు వెలి భయంతో పని మానేస్తే రాజ్యలక్ష్మి గారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట చేశారు. ఆ సంస్కరణ సగం వంటింట్లో జరిగింది. హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ చూడండి. కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ దర్బారు హాలు, పెద్ద స్తంభాలు, మెట్లు నిలిచాయి. అతని భార్య ఖైరున్నీసా కోసం కట్టిన జనానా మాత్రం పందొమ్మిదో శతాబ్దంలోనే కూలిపోయింది. ఎవరూ గాలివానకు పడిపోయిందనుకోవద్దు, తర్వాతి దొరలు కూలగొట్టించారు. ఆ భవనంలోనే 1949 నుంచి మహిళా కళాశాల నడిచింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. బట్టలుతికే కులంలో పుట్టి భూమి కోసం దొరతో తలపడిన స్త్రీ పేరు రెసిడెంటు దొర భవనానికి రావడానికి రెండు వందల ఏళ్ళు పైగా పట్టింది.

మన నెల్లూరు సంగతే చూద్దాం. పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించారని అందరికీ తెలుసు. ఆ నేల ఇచ్చింది పొణకా కనకమ్మ గారని ఎంతమందికి తెలుసు? చిన్నతనంలోనే పెళ్ళయి, బడికి పోకుండా ఇంట్లోనే చదువు నేర్చుకున్న మనిషి ఆవిడ. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఆవిడ కట్టించినవి నిలిచాయి కాబట్టి ఆవిడ పేరు కొంతైనా మిగిలింది. కట్టించే స్తోమతు లేని స్త్రీల పేర్లు ఏ గోడ మీద మిగలాలి?

ఇల్లంతా తిరిగి చూడటం

ఒక నెల బొమ్మలు ఆపమని డిజైనర్‌ని అడిగాను. ఆ నెలలో ఇంటితో సంబంధమున్న స్త్రీలను ఒక్కొక్కరినీ తీసుకొచ్చి ఇల్లంతా నడిపించాం. "ఎక్కడ నడిచేవారో అక్కడ నడవండి, ఎక్కడ ఆగేవారో అక్కడ ఆగండి" అని మాత్రమే చెప్పాం. నేను మాటలు రాసుకున్నాను, ఆ అమ్మాయి ఇంటి నక్షా మీద దారులు గీసింది. పరిశోధనా పద్ధతిగా చూసినా నేను ఇంత మంచి పద్ధతి ఇంతకు ముందు వాడలేదు.

నక్షా మీద గీతలు చూస్తే కళ్ళు తెరుచుకున్నాయి. ఇంటి ఆడపడుచు నడిచిన గీత ముందు గుమ్మం దగ్గర ఆగిపోయింది. అరుగు మీదికి రాలేదు. అరుగు మగవాళ్ళది. ఆవిడ పుట్టిన ఇంటి అరుగు మీద ఒక్కనాడూ కూర్చోలేదు. వంటావిడ గీత వంటింటికీ దొడ్డికీ మధ్య దారం ఉండలాగా చుట్టుకుపోయింది. నెలకు మూడు రోజులు ఆడవాళ్ళు కూర్చునే చోటు దొడ్డిలో కట్టెల పక్కన వుంది. చిన్న వయసులో భర్త పోయిన ఒక మేనత్త ముప్ఫై ఏళ్ళు పడుకున్న చోటు వడ్ల గాదె పక్కన, కిటికీ లేని మూల. ఆ మూలకు నక్షాలో పేరే లేదు. దళితవాడ నుంచి పనికి వచ్చిన ఇద్దరు స్త్రీల గీతలు ఇంట్లోకే రాలేదు. దొడ్డి గుమ్మం బయట మొదలై, పశువుల కొట్టం దాకా పోయి, మళ్ళీ గుమ్మం బయటికే వచ్చాయి.

"ఇంత పెద్ద ఇంట్లో ఆడవాళ్ళు వాడింది మూడో వంతు కూడా లేదు మేడమ్" అంది డిజైనర్. ఆ మాట తర్వాత ఆ అమ్మాయి మొదటి బొమ్మలన్నీ తనే చింపేసింది.

మసి సంగతి

ఇప్పుడు నా తప్పు చెబుతాను. వంటిల్లు నిలబెట్టుకున్నాం కదా, ఆ మసి గోడను అట్లాగే వుంచాలని నేను పట్టుబట్టాను. స్త్రీల అదృశ్య శ్రమకు అంతకంటే గొప్ప సాక్ష్యం ఏముంటుంది? పక్కన చిన్న బోర్డు పెట్టాలి, వచ్చినవాళ్ళు చూడాలి అనుకున్నాను. దానిమీద ఒక వ్యాసం కూడా మనసులో రాసేసుకున్నాను. డిజైనర్ కూడా ఒప్పుకుంది, మసి రాలకుండా ఏం పూయాలో వెతికింది.

ముప్ఫై ఏళ్ళు అక్కడ వంట చేసిన ఆవిడను పిలిచి చూపించాం. ఆవిడ గోడ వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నారు: "మసి వుంచితే మీకు చరిత్ర, నాకు దగ్గు. ఆ పొగంతా నా రొమ్ములోకి పోయిండాది. దాన్ని మళ్ళా చూసేదానికి జనాన్ని పిలస్తారా? సున్నం కొట్టించండమ్మా."

నాకు నోట మాట రాలేదు. కట్టెల పొయ్యి పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుందని నేను తరగతిలో పాఠం చెప్పినదాన్ని. 1999లో దీపం పథకం కింద మన రాష్ట్రంలో మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు దాని మీద సర్వే చేసినదాన్ని. అట్లాంటి నేను ఆవిడ జబ్బును ప్రదర్శనకు పెట్టబోయాను. ఇత్తడి బిందెలను అలంకారంగా పెట్టిన డిజైనర్‌కీ నాకూ తేడా ఏముంది? ఆమె అందం కోసం, నేను సిద్ధాంతం కోసం. బాధపడిన మనిషిని ఇద్దరమూ అడగలేదు.

సున్నం కొట్టించాం. మొదటి కుంచె ఆవిడే వేశారు. పొయ్యి గట్టు పైన కొత్తగా కిటికీ తీశాం. ఇప్పుడు ఆ గదిలో శిక్షణకు వచ్చినవాళ్ళకు వంట అవుతుంది. ఆడా మగా అందరూ వంతులవారీగా చేయాలని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం ఎంత బాగా అమలవుతుందో మీరు నిన్న మధ్యాహ్నం చూశారు, నేను వేరే చెప్పనక్కరలేదు.

దొడ్డి గుమ్మం

మసి ప్రశ్నకు జవాబు దొరికింది. దొడ్డి గుమ్మం ప్రశ్నకు ఇంకా పూర్తిగా దొరకలేదు.

పాత ఇంటిని బాగు చేసేవాళ్ళలో, ఏది ఎట్లా వుండేదో అట్లాగే నిలపాలనే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి ప్రకారం దొడ్డి గుమ్మం వుండాలి. మా కార్యకర్తల్లో కొందరు "ఆ గుమ్మం అంటరానితనానికి గుర్తు, ఇటుకలతో పూడ్చేద్దాం" అన్నారు. దళితవాడ నుంచి వచ్చిన పెద్దామె అన్నారు: "పూడిస్తే అట్టాంటిదేం జరగలేదంటారు. వుండనీండి. కానీ మేం మాత్రం దాంట్లోంచి రాం." ఆమె కూతురు, డిగ్రీ చదివి మన సలహా కేంద్రంలోనే పని చేస్తున్న అమ్మాయి, ఇంకో మాట అంది: "గుమ్మం వుండొచ్చక్కా, పక్కన బోర్డు మాత్రం వద్దు. మా అమ్మ ఎక్కడ నిలబడిందో నా పిల్లలు గోడ మీద చదవాల్సిన పని లేదు."

తల్లి మరవొద్దంటుంది. కూతురు రాయొద్దంటుంది. ఇద్దరిదీ న్యాయమే. చివరికి గుమ్మం వుంచి, తలుపు రెక్కలు తీసేశాం. దానికి మూసే గుణం లేకుండా చేశాం. అందరూ వచ్చే దారి మాత్రం ముందు నుంచే. అరుగు ఒక పక్క తగ్గించి, చక్రాల కుర్చీ కూడా ఎక్కేట్టు వాలు కట్టాం. బోర్డు రాయలేదు. ఆ నిర్ణయం ఆ వాడ స్త్రీలదే కావాలి, వాళ్ళు ఇంకా మాట్లాడుకుంటున్నారు. అగ్రకులంలో పుట్టిన నేను ఆ తొందర పెట్టకూడదు.

కూలి పట్టీ

పని మొదలయ్యే ముందు అంచనా పట్టీ వచ్చింది. అందులో "మగ కూలి", "ఆడ కూలి" అని రెండు వరసలు. ఆడ కూలి మగ కూలిలో మూడింట రెండు వంతులు. స్త్రీల కేంద్రం కట్టే పనికి! సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. మేస్త్రిని అడిగితే "పని వేరమ్మా, మగోడు గోడ పూస్తాడు, ఆడది సున్నం కలిపి మోస్తాది" అన్నాడు. అసలు కిటుకు అక్కడే వుంది. సున్నపు పనిలో సగం నేర్పు కలపడంలోనే వుందని డిజైనర్ అప్పటికే మాకు చెప్పింది. ఎంత నీరు, ఎంత ఇసుక, ఎన్నాళ్ళు మాగబెట్టాలి, చేత్తో పట్టి చూసి ఎప్పుడు చాలనాలి, ఇదంతా ఆ స్త్రీల చేతుల్లో వుంది. పూతపని నైపుణ్యం, కలపడం చాకిరీ అని విడదీసిందెవరు? స్త్రీ చేసేది ఏదైనా చాకిరీయే అవుతుంది.

ఆ అమ్మాయి పట్టీ తిరగరాసింది. సున్నం కలిపేవాళ్ళను నిపుణ పనివాళ్ళుగా చూపించి ఒకే రేటు వేసింది. మేస్త్రి రెండు రోజులు పనికి రాలేదు. తర్వాత వచ్చాడు, ఎందుకంటే సున్నం కలపడం వచ్చిన ఆడవాళ్ళు మా దగ్గర పనిలో వున్నారు. పెరిగిన ఖర్చుకు మేం ఉయ్యాల బల్ల, ఇత్తడి దీపాలు వదులుకున్నాం. ఒక చెట్టుకొమ్మకు మాత్రం ఉయ్యాల కట్టాం, చీరతో. పనివాళ్ళ పసిపిల్లలకు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం, యాభై మందికి పైగా స్త్రీలు పనిచేసే చోటే శిశుగృహం వుండాలంది. పది మంది పనిచేసే చోట బిడ్డలు ఎండలో వుండాల్సిందేనా? మరుగుదొడ్డి కూడా అన్ని పనులకంటే ముందు కట్టాం, పనివాళ్ళు వాడుకునేట్టు. మామూలుగా అది చివర్లో, ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దల కోసం కడతారు.

గదుల అమరికలో హక్కులు

ఇక సలహా కేంద్రం గది. ఇక్కడే ఇంటీరియర్ డిజైన్ అనేది హక్కుల విషయమని నాకు పూర్తిగా అర్థమయింది. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. ఆ చట్టం కింద ఫిర్యాదు చేయడానికి దెబ్బలు తిన్న మనిషి ముందు ఒక గుమ్మం దాటి రావాలి. ఆ గుమ్మం రోడ్డు మీదికి, టీ కొట్టు ఎదురుగా వుంటే ఆమె రాదు. కాబట్టి మీరు ఎంత చిన్న గదిలో కేంద్రం నడిపినా ఇవి చూసుకోండి.

వచ్చిన స్త్రీ హాలు మధ్య నుంచి అందరి కళ్ళ ముందు నడవకుండా ఒక పక్క దారి వుండాలి. గదికి రెండు గుమ్మాలుండాలి, భర్తో అత్తింటివాళ్ళో వెంటబడి వస్తే ఆమె బయటపడటానికి. మాట్లాడే చోట బల్ల అడ్డం వద్దు, అది పోలీస్ స్టేషన్‌ని గుర్తు చేస్తుంది. మాట బయటికి వినబడకూడదు, కానీ గది చీకటిగా వుండకూడదు. మరుగుదొడ్డికి లోపలి గడియ, నీళ్ళు, బట్టలు పారేయడానికి మూతవున్న డబ్బా వుండాలి. పిల్లలు తల్లికి కనబడుతూ, ఆమె మాటలు వినబడనంత దూరంలో ఆడుకునే చోటు వుండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద డబ్బు అక్కరలేదు. ఆలోచన కావాలి.

మేం ఆ గదిని ఎక్కడ పెట్టామో తెలుసా? గాదె పక్కన కిటికీ లేని ఆ మూల, ఆ మేనత్త ముప్ఫై ఏళ్ళు పడుకున్న చోట. గాదె గోడ తీసి, తోట వైపు పెద్ద కిటికీ పెట్టి, రెండో గుమ్మం తెరిచాం. ఇప్పుడది ఇంట్లోకెల్లా వెలుతురు వుండే గది.

ఈ జిల్లా స్త్రీలకు చోటు లేకపోవడం అంటే ఏమిటో తెలుసు. 1992లో దూబగుంట నుంచి మొదలుపెట్టి ఊరూరా సారాకు వ్యతిరేకంగా లేచినప్పుడు వాళ్ళు రాత్రి బడుల్లోనూ, చెట్ల కిందా కూర్చుని నిర్ణయాలు చేశారు. రచ్చబండ మగవాళ్ళది, చావడి మగవాళ్ళది. అయినా 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించేదాకా వదల్లేదు. చోటు లేకుండానే అంత చేసినవాళ్ళకు చోటంటూ వుంటే ఏం చేయగలరో మనం చూడాలి.

చివరిగా

కేంద్రం తెరిచిన రోజు ఆ ఇంటి ఆడపడుచును కారులో తీసుకొచ్చాం. రిబ్బను కత్తిరించమంటే వద్దన్నారు. "అరుగు మీద కాసేపు కూర్చుంటానమ్మా" అన్నారు. కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళను చూస్తూ గంటసేపు కూర్చున్నారు. వంటావిడ వచ్చి పక్కన కూర్చున్నారు. దళితవాడ పెద్దామె మొదట మెట్టు దగ్గరే నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. కాసేపటికి ఆమే వచ్చి కూర్చున్నారు.

దీన్ని గొప్ప విజయంగా చెప్పడం లేదు. ఆవిడకు ఆ ఇంట్లో ఈ రోజుకీ వాటా లేదు. మా లీజు తీరిన తర్వాత ఆ అరుగు మళ్ళీ సంతకం పెట్టినవాళ్ళదే. ఇంటికి సున్నం వేసినంత సులువుగా ఆస్తి చట్టానికి వేయలేం. కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది ఇదే: మీ ఊళ్ళలో పాత ఇళ్ళు చాలా వున్నాయి. అవి కూలేలోగా అందులో బతికిన స్త్రీలను వెంటబెట్టుకుని ఒకసారి ఇల్లంతా నడవండి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో గీయండి. మీ సంఘాల్లోని ఆడపిల్లల చేత పంపకాల మీద, విడుదల పత్రాల మీద సంతకం పెట్టించబోయే ముందు ఆ గీతలు వాళ్ళకు చూపించండి.

 ఇప్పుడు ప్రశ్నలు అడగండి. వంటింటి వంతు ఈ పూట నాది కాబట్టి కాస్త త్వరగా అడగండి.